పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య

స్టుర్‌నెస్ గ్రంథాలయంలో కింది హాలు. ఐలిఫ్ తీసిన ఫొటోల ప్రదర్శన మర్నాడు ఉదయం మొదలవుతుంది. గోడ చివర గోధుమరంగు కాగితం కప్పిన పెద్ద బోర్డు ఉంది. గుద్రున్ కోటయినా విప్పకుండా వచ్చి దాని ముందు నిలబడింది. ఆమెకు డెబ్భై తొమ్మిదేళ్ళు.

“నేనడిగింది అది కాదు. ఈ కాగితం వెనకాల ఏముందో నాకు తెలుసు. దింపుతావా, దింపవా?”

“ముందు కూర్చోండి గుద్రున్ గారూ. బయట మెట్లన్నీ గడ్డకట్టి ఉన్నాయి. అసలెలా వచ్చారు?”

“బూట్లకి ముళ్ళ పట్టీలు తగిలించుకుని వచ్చాను. ముసలిదాన్నే గాని తెలివితక్కువదాన్ని కాదు. దింపుతావా, దింపవా?”

“కాఫీ పెట్టమంటాను...”

“నీ కాఫీ తాగడానికి రాలేదయ్యా ఐలిఫ్!”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్తేనేం? రాగ్నా చెప్పింది. చేపల కొట్లో నా వెనక నిలబడి, ‘రేపు మా గ్రంథాలయానికి తప్పకుండా రండి గుద్రున్ గారూ, లుద్విగ్ ఫొటో ఒక్కటే కాదు, దానికి ముందుదీ వెనకదీ కూడా పెడుతున్నారు, ముప్పై రెండేళ్ళలో ఎవ్వరూ చూడనివి’ అంది. పెళ్ళిపిలుపు పిలిచినట్టు పిలిచింది.”

“నేనే వచ్చి చెబుదామనుకున్నాను.”

“అనుకున్నావు.”

“రెండుసార్లు మీ గేటు దాకా వచ్చాను.”

“గేటు తలుపుకి తాళం ఉండదు మా ఇంట్లో. ఆ సంగతి నీకు బాగా తెలుసు. స్కార్వెన్ పడవ మునిగిన మూడోనాడు తిన్నగా వంటింట్లోకే వచ్చావు కదా.”

“వచ్చాను.”

“ఏమడిగావు?”

“ఎందుకండీ ఇప్పుడవన్నీ?”

“ఏమడిగావో చెప్పు.”

“మీ అబ్బాయి యోస్టైన్ ఫొటో ఒకటి ఇమ్మని అడిగాను. పేపర్లో వెయ్యడానికి.”

“గోడ మీదది తీసి ఇచ్చాను. చర్చిలో దీక్ష తీసుకున్ననాటిది. కొత్త సూటు, మెడ దగ్గర బిగుతుగా ఉందని పొద్దుటినుంచీ గొణుగుడు. పదకొండిళ్ళకి తిరిగి పదకొండు ఫొటోలు పట్టుకెళ్ళావు.”

“పదకొండూ తిరిగి తెచ్చి ఇచ్చాను.”

“ఇచ్చావు. కాదన్నానా? అద్దం తుడిచి మరీ ఇచ్చావు. అందుకే నీతో మాట్లాడుతున్నాను. లేకపోతే నేనూ ఈ హాల్లోకి వచ్చేదాన్ని కాదు, ఈ పాటికి మేయరు ఇంట్లో కూర్చుని ఉండేదాన్ని.”

“మేయరుకేం సంబంధం?”

“మేయరు మా ఐనార్ మనవడు. స్కార్వెన్ వంటవాడు ఐనార్. ఈ ఊళ్ళో ఎవరికి సంబంధం లేదో చెప్పు నువ్వు! నేను ఒక్కమాట అంటే రేపు నీ ప్రదర్శనకి కుక్క కూడా రాదు.”

“అంటారా మరి?”

“అనాల్సొస్తే అంటాను.”

“సరే. అనండి. నేను మాత్రం మూడూ పెడతాను. రీల్లో పదహారు, పదిహేడు, పద్దెనిమిది నంబర్లు.”

“పదిహేడు ఉంచుకో. అది మాది.”

“నాది గుద్రున్ గారూ. నేను తీశాను.”

“నువ్వు తీశావు. మాకిచ్చావు. ఇచ్చింది వెనక్కి లాక్కుంటారా ఎవరైనా? విచారణ అని పెట్టారు, ఓస్లో నుంచి టైలు కట్టుకుని నలుగురొచ్చారు. ఏం తేల్చారు?”

“తుఫానుదే తప్పన్నారు.”

“తుఫాను తప్పు! సముద్రాన్ని జైల్లో పెట్టండన్నారు. సరకు గది తలుపుకి రబ్బరు అరిగిపోయింది, నీళ్ళు దిగుతాయి అని మెకానిక్కు రాసిచ్చిన కాగితం మీద, పడవ యజమాని అయ్యుండి లుద్విగ్ ఏమని రాశాడు?”

“‘ఈ ఒక్క వేట అయ్యాక మారుద్దాం.’”

“రాసి?”

“సంతకం పెట్టాడు.”

“ఆ సంతకం అబద్ధమా?”

“కాదు.”

“పదకొండు మంది పోవడం అబద్ధమా?”

“కాదండీ.”

“మరి నీ ఫొటో ఎలా అబద్ధమవుతుంది?”

“ఆ కాగితాన్ని కూడా ఫొటో తీశాను నేను. సంతకంతో సహా. మీకు గుర్తుందా?”

“ఏ పేపర్లో?”

“మా పేపర్లోనే. ఎనిమిదో పేజీలో, పడవ ఇంజన్ల ప్రకటన పక్కన. చూశారా?”

“...లేదు.”

“ఎవరూ చూడలేదు. కాగితం ఫొటో ఎవరు చూస్తారు? మనిషి మొహం కావాలి. మా ఎడిటరు అర్నుల్ఫ్ రోజూ అదే అనేవాడు. ‘నేరం చూపించకు ఐలిఫ్, నేరస్తుణ్ణి చూపించు’ అని.”

“మంచిమాట అన్నాడు. ఉంటే దణ్ణం పెట్టేదాన్ని.”

“నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను.”

“ఇప్పుడేమొచ్చింది? ముసలితనం వచ్చి మెత్తబడ్డావా? రేవులో లుద్విగ్ కూతురు కనబడి ఏడ్చిందా?”

“మారిత్ ఏడవదండీ. ఎప్పుడో మానేసింది. బడిలో పిల్లలు తనకెదురుగా వచ్చి పళ్ళన్నీ బయటపెట్టి చూపించేవాళ్ళట. ‘మీ నాన్నలాగ నవ్వు, నవ్వు’ అని. పన్నెండేళ్ళ పిల్ల.”

“నా కొడుక్కి పంతొమ్మిది.”

“తెలుసు.”

“పళ్ళు చూపించడానికి వాడికి మొహమే మిగల్లేదు. ఏప్రిల్లో వలకి తగిలాడు వాడు. స్వెటరు అల్లిక చూసి గుర్తుపట్టాను. నేనల్లిన అల్లిక. దాని ముందు మారిత్‌వి పళ్ళు, నాలుక అంటూ చెబితే నేను వినాలా?”

“వినొద్దు. చూడండి చాలు. ఈ కాగితం తీస్తాను, ఒక్కసారి చూడండి.”

“ముట్టుకోకు!”

“చూడకుండా దింపమంటే ఎలాగండీ?”

“ముట్టుకోకన్నానా! చెయ్యి తియ్యి.”

“నేను రాగ్నానండీ! లోపలికి రావచ్చా? కాఫీ తెచ్చాను. గుద్రున్ గారూ, మీకోసం ఆ వేఫర్ల మీద క్లౌడ్‌బెర్రీ జామ్ కూడా వేశాను.”

“నా కోసమా? నాకు పళ్ళు లేవు, పెట్టు అక్కడ.”

“పళ్ళెందుకండీ, మెత్తగా ఉన్నాయి. ఐలిఫ్ గారూ, ఆ బోర్డు కింద అతికించే చీటీలో ఏం రాయాలో ఇంకా చెప్పలేదు మీరు. మిగతావన్నీ అచ్చయిపోయాయి. అదొక్కటే ఖాళీ.”

“ఇంకో గంటాగు.”

“అప్పుడు పేపర్లో పడ్డ పాత వాక్యమే వేసెయ్యనా? ‘రేవులో సంస్మరణ సభ. చనిపోయినవారి పేర్లు చదువుతుండగా స్కార్వెన్ యజమాని లుద్విగ్ ఆస్‌హైమ్’ అని?”

“వద్దు. గంటాగమన్నాను కదా.”

“మంచి వాక్యమే ఇది. ఇందులో ఒక్క అక్షరం తప్పులేదు.”

“తప్పులేదు రాగ్నా. అందుకే వద్దంటున్నాను.”

“ఏమో బాబూ. తలుపు వేసి వెళ్ళనా? వేసే వెళ్తాను.”

“...తెలివైన పిల్ల. చూశావా, పాత వాక్యమే చాలంది.”

“ఆ వాక్యంలో ‘నవ్వాడు’ అని ఎక్కడైనా ఉందా, గుద్రున్ గారూ?”

“లేదు.”

“అవును, లేదు. అర్నుల్ఫ్ రాయనివ్వలేదు. లాయర్లకి భయపడ్డాడు. ‘పేర్లు చదువుతుండగా లుద్విగ్’ అని రాసి వదిలేశాడు. పళ్ళు కనబడుతున్నాయి. కళ్ళు ముడుచుకున్నాయి. తల వెనక్కి వాలింది. తక్కిన మాట చదివేవాళ్ళ చేత అనిపించాడు. లక్షమంది చేత.”

“ఫొటోలో ఉన్నదే జనం అన్నారు.”

“ఫొటోలో ఉన్నది సెకనులో అయిదువందో వంతు. మీరు రెప్ప వేసేలోపు అలాంటివి యాభై వెళ్ళిపోతాయి. పెద్దగా ఏడ్చే మనిషి నోరు చూడండి, ఎప్పుడైనా శ్రద్ధగా చూడండి. మూతి సాగుతుంది, బుగ్గలు పైకి లేస్తాయి, పళ్ళు కనిపిస్తాయి. అక్కడ ఆపేస్తే నవ్వే. పదహారులో మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. పద్దెనిమిదిలో పెదవి కొరుక్కుంటున్నాడు, గడ్డం దాకా తడి. మధ్యలో పదిహేడు.”

“గాలికి నీళ్ళు కారి ఉంటాయి. ఫిబ్రవరి అది.”

“చూశారా ఏమిటి మీరు?”

“...నేనెక్కడ చూశాను? గాలి అన్నాను. ఫిబ్రవరిలో రేవులో అందరి కళ్ళూ కారతాయి.”

“నేను ఉప్పు గోదాము కప్పు మీద ఉన్నాను. పెద్ద లెన్సు. ఆ లెన్సులోంచి చూస్తే మనిషి ఒక్కడే కనిపిస్తాడు, చుట్టూ ఊరుండదు, పక్కన ఎవరున్నారో తెలియదు. పదహారు తీశాను. పదిహేడు తీశాను. పద్దెనిమిది తీశాను. కెమెరా దించేశాను.”

“ఎందుకు? రీల్లో ముప్పై ఆరు ఉంటాయంటారుగా.”

“కావలసింది దొరికింది. అప్పుడే తెలిసింది నాకు. మాకు వేలికే తెలిసిపోతుందండీ, మీట నొక్కగానే. కప్పు దిగి ఆఫీసుకి పరుగెత్తాను. మిగతా సభ నేను చూడనే లేదు. రీలు కడిగి, మొత్తం ఒక్క కాగితం మీద అచ్చు వేసుకున్నాను, ఒక్కో ఫొటో తపాలా బిళ్ళంత. భూతద్దం పెట్టి చూశాను. ఎర్ర పెన్సిలు తీశాను.”

“తీసి?”

“పదిహేడు చుట్టూ గీశాను. పదహారు మీదా పద్దెనిమిది మీదా ఇంటూ కొట్టాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ఇంటూ కొడుతుంటే ఎంత గట్టిగా నొక్కానో కాగితం చిరిగింది.”

“...కోపంతోనా?”

“మీ గుమ్మంలో యోస్టైన్ స్కీలు నిలబెట్టి ఉన్నాయి ఆ రోజు. కింద మంచు కరిగి మడుగు కట్టింది. పది నిమిషాల కింద ఎవరో విప్పి లోపలికి వెళ్ళినట్టు.”

“అంతకు కాస్సేపటి ముందు నేనే వేసుకెళ్ళొచ్చానయ్యా అవి. పాస్టరు గారింటికి.”

“అవునా? నాకు తెలియదు. నేను... వాడే వచ్చాడేమో అన్నట్టు ఒక్క క్షణం అనిపించింది. కెమెరా మెళ్ళోనే ఉంది. తియ్యలేదు.”

“తియ్యలేదని చూశాను. అందుకే నీకు కాఫీ ఇచ్చాను. తీసుంటే స్కీ కర్రతోనే పొడిచేదాన్ని.”

“కోపం అక్కడ మొదలైంది. పదకొండో ఇంటికి వెళ్ళేసరికి అది నాలో పట్టలేదు. ఎవరో ఒకరి మీద దింపుకోవాలి. అర్నుల్ఫ్ భూతద్దంలోంచి చూసి, ‘నవ్వుతున్నాడా వీడు?’ అని అడిగాడు. ఒక్కటే ప్రశ్న.”

“నువ్వేమన్నావు?”

“అవునన్నాను.”

“భేష్!”

“భేష్ కాదు గుద్రున్ గారూ.”

“భేషే! నీ జీవితంలో నువ్వు చేసిన ఒకే ఒక్క మగపని అది. కోర్టు వదిలేసింది, ప్రభుత్వం వదిలేసింది, దేవుడు సరేసరి. నీ ఎర్ర పెన్సిలు వదల్లేదు. లుద్విగ్ పడవలన్నీ అమ్ముకున్నాడు. కొట్లోకి వెళితే కొట్లో మాటలు ఆగిపోయేవి. ఊరి సంఘం హాలు మీద వాళ్ళ నాన్న పేరుండేది, అది గోకేశారు. పెళ్ళాం బెర్గెన్ వెళ్ళిపోయింది. నేను అవన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. రాత్రి పడుకునే ముందు జనం ప్రార్థన చేసుకుంటారు చూడు, అలాగ.”

“నాకా ఏడాది బహుమతి కప్పు ఇచ్చారు. దేశంలోకెల్లా మంచి వార్తాచిత్రం అని. మా ఆవిడ సిగ్నే ఆ కప్పుని అలమరలో వెనక్కి నెట్టేసింది. ఆ ఫొటో ఒక్కరోజు కూడా ఇంట్లో గోడకి తగిలించనివ్వలేదు. తనకి నేను చెప్పలేదు, ఎలా తెలిసిందో తెలియదు. పోయేముందు, ఆసుపత్రిలో, నా చెయ్యి పట్టుకుని, ‘పక్కవి కూడా చూపించు ఐలిఫ్’ అంది. అంతే అంది.”

“సిగ్నే మంచి మనిషి. కొడుకులు బతికున్న మనిషి.”

“...అవును.”

“అన్నందుకు ఏమీ అనుకోకు.”

“అనుకోను. నిజమే కదా.”

“నిజం, నిజం! పొద్దుటినుంచీ నిజం అంటావు. నేను ఆ రోజు పేపరు ఎన్ని కాపీలు కొన్నానో తెలుసా నీకు?”

“కాపీలా?”

“నలభై. రేవు దగ్గర కొట్లో ఉన్నవన్నీ పట్టుకొచ్చాను. చెమ్మ తగలకుండా రొట్టెల డబ్బాలో పెట్టాను. ఏటా ఫిబ్రవరి ఎనిమిదో తారీఖున ఒకటి తీస్తాను. ఆ ఫొటో కత్తిరిస్తాను. కవర్లో పెట్టి లుద్విగ్‌కి పోస్టు చేస్తాను. ఉత్తరం ఉండదు. పేరుండదు. ఫొటో ఒక్కటే.”

“మీరా?”

“ముప్పై రెండు వెళ్ళాయి. ఇంకా ఎనిమిదున్నాయి. ఎనిమిదేళ్ళు నేను బతకాలి, ఆయనా బతకాలి. పోయినేడు ఆయన్ని వృద్ధుల ఆశ్రమంలో వేశారని తెలిసి హడలిపోయాను. వెంటనే కొత్త చిరునామా కనుక్కున్నాను.”

“గుద్రున్ గారూ...”

“జాలిగా చూడకు. రొట్టెల డబ్బా తెరిచినప్పుడు ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజు నాకు ఆకలేస్తుంది. తెలుసా? కడుపునిండా తింటాను ఆ రోజు. రేపు నువ్వు ఈ కాగితం లాగేస్తే నా ఎనిమిది కాపీలూ చేపలు చుట్టుకోవడానికి తప్ప పనికిరావు. నా వయసులో ఇంకో పగ ఎక్కడ వెతుక్కోను? అందుకే వచ్చాను. దింపు.”

“ఒక్క సంగతి అడుగుతాను. చెప్పండి.”

“అడుగు.”

“ఫొటో మాట పక్కన పెట్టండి. పేపరు మాట పక్కన పెట్టండి. సభలో మీరున్నారు.”

“ఉన్నాను. అమ్మలందరం ముందు వరసలో ఉన్నాం.”

“లుద్విగ్ ఎక్కడ?”

“అక్కడే ఎక్కడో. పక్కగా.”

“ఆయన మీకు కనిపించాడా?”

“పదకొండు పేర్లు చదువుతున్నారయ్యా! అందులో నాలుగోది నాది. లుద్విగ్ మొహం చూస్తూ కూర్చుంటానా?”

“కనిపించాడా, లేదా?”

“...కనిపించాడనుకో.”

“అయితే నాకు ఒక్క మాట చెప్పండి చాలు. కప్పు మీదనుంచి లెన్సులో చూసినవాణ్ణి నేను. మీరు కళ్ళతో చూశారు. ఆయన నవ్వాడా? నవ్వాడని మీరనండి, ఇదుగో స్క్రూడ్రైవరు, ఇప్పుడే దింపేస్తాను. మళ్ళీ ఎప్పుడూ పెట్టను. నెగెటివ్ కూడా మీ చేతికిచ్చేస్తాను. సిగ్నేకి నేను జవాబు చెప్పుకుంటాను.”

“నెగెటివ్ కూడానా?”

“కూడా.”

“ఆ మూడూ?”

“మూడూ మీవే. మీ పొయ్యిలో వేసుకోండి. నవ్వాడా?”

“ఇది కోర్టా ఏమిటి?”

“కోర్టులో అయితే అడగను. నవ్వాడా?”

“...”

“గుద్రున్ గారూ?”

“నవ్వాడు.”

“సరే.”

“సరే అంటే?”

“సరే అంటే సరే. ఆ కుర్చీ కొంచెం ఇటు జరపండి. నాలుగు స్క్రూలు. పైవి రెండూ ముందు తియ్యాలి, లేకపోతే మీద పడుతుంది.”

“...అంత తేలిగ్గా దింపేస్తావా? పోట్లాడతావనుకున్నాను.”

“కొడుకుని పోగొట్టుకున్న తల్లి మాట మీద నా అనుమానం ఏపాటిది? ఒకటి వచ్చేసింది. జేబులో వేసుకుంటాను. ఎలాగూ ఆయన కూడా ఇదే కోరాడు.”

“ఎవరు?”

“లుద్విగ్. పోయిన నెల ఆశ్రమానికి వెళ్ళాను. ఇలా మూడూ పెడుతున్నానని చెబితే సంతోషిస్తాడనుకున్నాను.”

“గంతులేశాడా?”

“గంతులా? కాలొకటి పడిపోయింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. వద్దన్నాడు.”

“వద్దన్నాడా?”

“‘పెట్టకు. ఆవిడకి మిగిలింది అదొక్కటే, లాక్కోకు’ అన్నాడు. ఆవిడెవరో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. రెండోది కాస్త తుప్పు పట్టినట్టుంది... కవర్లు మీరే పంపుతున్నారని ఆయనకి తెలుసు.”

“తెలిస్తే తెలియనీ! తెలియాలనే పంపాను.”

“అన్నీ దాచాడు. బల్ల సొరుగులో, ఏడాది వరసన. చూపించాడు నాకు. ‘ఫిబ్రవరి పదో తారీఖు దాటినా కవరు రాకపోతే భయం వేస్తుంది ఐలిఫ్, ఆవిడ పోయిందేమోనని. వచ్చిందంటే ఈ ఏడూ బాగానే ఉందన్నమాట’ అన్నాడు.”

“...ఏమన్నాడు?”

“బాగానే ఉందన్నమాట, అని.”

“నేను... నా కవరు కోసం... ఎదురు చూస్తాడా? ఎదురు చూస్తాడా వాడు?”

“కోప్పడకండి. ముసలాయన. వేరే ఉత్తరాలు రావు. రెండోదీ వచ్చేసింది. ఈ చివర కాస్త పట్టుకోగలరా? పోనీ వద్దులెండి.”

“విషం పెట్టి పంపిస్తే పలకరింపు అనుకున్నాడా! ముప్పై రెండేళ్ళు!”

“నేనింకొకటి అడిగాను ఆయన్ని. నా సొంత మనశ్శాంతి కోసం. ‘లుద్విగ్, నువ్వు ఏడుస్తుంటే దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఒక్కరైనా లేరా? ఒక్కరు ముందుకొచ్చి ఆ మాట చెప్పి ఉంటే నీకూ మారిత్‌కీ ఈ బతుకు తప్పేది కదా’ అని.”

“...”

“మూడోది. ఇది కదలట్లేదు.”

“ఏం చెప్పాడు?”

“ఎవరూ లేరన్నాడు.”

“ఎవరూ లేరనా?”

“‘ఎవరూ చూడలేదు ఐలిఫ్, నా పక్కన ఎవ్వరూ లేరు’ అన్నాడు. రెండుసార్లు అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ.”

“అబద్ధాలకోరు.”

“ఏమిటండీ?”

“అబద్ధాలకోరు వెధవ. బిగించు.”

“బిగించడం ఏమిటి?”

“తీసిన స్క్రూలు జేబులో వేసుకున్నావుగా, తియ్యి బయటికి. మళ్ళీ బిగించు. కాగితం చింపు. రేపు ఊరంతా చూడనీ.”

“మీరే కదండీ ఇందాక...”

“వాడి దగ్గర దానం పట్టను నేను! నా కొడుకుని తిన్నవాడు నాకు ముష్టి వేస్తాడా? ముప్పై రెండేళ్ళు నోరు మూసుకుని నాకు ముష్టి వేశాడా? వాడికి నేను బాకీ పడి చావాలా? బిగించమన్నానా ఐలిఫ్!”

“బిగిస్తాను, బిగిస్తాను, మీరు కూర్చోండి. కానీ నాకర్థం కావట్లేదు. ఆయన నవ్వాడని మీరు మీ నోటితో చెప్పారు కదా?”

“నువ్వు కప్పు దిగి పరుగెత్తావు చూడు, అప్పుడు, కళ్ళు తుడుచుకోమని ఆయనకి నా చేతిరుమాలు ఇచ్చింది నేనే.”